మీటరు డయల్ మార్చాలనుకుంటున్నారా? ముల్లు పీకే ముందు చూసుకోవలసినవి

పదిహేను ఇరవై ఏళ్లు మన ఎండలకు నిలిచిన కారులో కూర్చుంటే, వయసు మొదట కనిపించేది స్టీరింగు వెనక ఉన్న మీటర్లలోనే. ఎర్రగా ఉండవలసిన ముల్లు పాలిపోయి ఉంటుంది, అంకెల చుట్టూ ఉన్న నలుపు పొరలో సన్నని బెజ్జాలు పడి ఉంటాయి, రాత్రిపూట లైట్లు వేస్తే డయల్, అంటే ముల్లు వెనక అంకెలు ముద్రించిన రేకు, ఒక సగం వెలిగి మరో సగం చీకట్లో ఉండిపోతుంది. అప్పుడు యజమానికి నాలుగైదు దారులు కనిపిస్తాయి: బల్బులు మార్చి ఊరుకోవడం, పాత డయల్ మీద ముద్రించిన పలుచని పొర అతికించడం, డయల్‌నే కొత్తది వేయడం, తనంతట తాను వెలిగే ఈఎల్ (ఎలక్ట్రోలూమినెసెంట్) డయల్ పెట్టించడం, లేదా పాత సామాన్ల దుకాణం నుంచి మొత్తం మీటర్ బోర్డే తెచ్చి బిగించడం.

వీటి మధ్య తేడా ధరలోనే ఉందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అసలు తేడా ముల్లు దగ్గర ఉంది. ఎంచుకున్న పద్ధతిలో ముల్లును దాని ఇరుసు మీదనుంచి పీకవలసి వస్తుందా, రాదా అన్నదాన్ని బట్టే పని ఎంత కష్టమో, ఎంత ప్రమాదమో, ఎవరి చేత చేయించాలో తేలుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో ప్రతి మార్గాన్నీ ముందు ఆ ప్రశ్నతోనే పరీక్షిస్తాను. మీటర్లకు బదులు పూర్తిగా తెర ఉన్న కొత్త కార్లకు ఇందులో పనికివచ్చేది ఏమీ లేదు.

## పాడైంది ఏది?

డయల్ పాడైందని అనుకున్న సందర్భాల్లో సగానికి సగం పాడైనది డయల్ కాదు. మీటర్ల ముందు ఉండే పారదర్శకమైన మూత గీతలు పడి మసకబారి ఉండవచ్చు. లోపల బల్బు మాడిపోయి గానీ, దాని హోల్డరు పట్టు వదులై గానీ ఉండవచ్చు. ముల్లు రంగు మాత్రమే వెలిసి ఉండవచ్చు. ముద్ర లేచిపోవడం, పసుపు తిరగడం, రేకు ఉబ్బడం అన్నవి మాత్రమే నిజంగా డయల్ రోగాలు. నా పాత ఎస్టీమ్ కారు కోసం కొత్త డయల్ కొని తెచ్చి, మీటర్ బోర్డు విప్పి, ముందున్న మూత తీసి చూస్తే, కింద డయల్ కంపెనీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. మూతకు పాలిష్ పట్టిస్తే సరిపోయింది. కొన్న డయల్ ఇప్పటికీ అటక మీద ఉంది. కాబట్టి డబ్బు పెట్టే ముందు ఒకసారి మూత తీసి చూడడం మంచిది.

## ఏ కొలతలతో పోల్చాలి?

మొదటిది ముల్లు. మీటరు లోపలి యంత్రం ఏ రకమో తెలియకుండా ముల్లు పీకకూడదు, ఎందుకంటే ఒక్కొక్క రకానికి తిరిగి పెట్టే పద్ధతి వేరు. కేబుల్‌తో నడిచే స్పీడోమీటరులో కేబుల్ చివర ఒక అయస్కాంతం తిరుగుతుంది. దానికి తగలకుండా ఉన్న అల్యూమినియం గిన్నెలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి గిన్నెను తిప్పబోతాయి. వెంట్రుకంత సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కు లాగి పట్టుకుంటుంది. జర్మనీ ఇంజనీరు ఓటో షుల్జె 1902లో పేటెంటు పొందిన ఈ ఏర్పాటే మన దగ్గర తొంభైల నాటి కార్లలో ఎక్కువగా ఉండేది. ఇందులో ముల్లు సున్నా దగ్గర ఒక చిన్న మేకుకు ఆని ఉంటుంది గానీ, స్ప్రింగు సహజంగా ఆగే చోటు ఆ మేకుకు ఇంకా దిగువన ఉంటుంది. ఈ సంగతి తెలియని మెకానిక్ ముల్లును పీకి మళ్లీ మేకు దగ్గరే గుచ్చితే, స్ప్రింగు బిగువు పోయి, బండి ఎంత వేగంతో వెళ్లినా మీటరు ఎక్కువే చూపుతుంది. ముల్లును మెల్లగా మేకు మీదుగా ఎత్తి అవతల వదిలి, అది ఎక్కడ ఆగిందో టేపు మీద గుర్తు పెట్టుకుని, కొత్త డయల్ వేశాక అక్కడే గుచ్చి, ఆ తర్వాత మళ్లీ మేకు ఇవతలికి ఎత్తి పెట్టడమే సరైన పద్ధతి.

రెండు వేల తర్వాతి కార్లలో ఎక్కువగా ఉండే, చిన్న చిన్న అడుగులుగా తిరిగే స్టెప్పర్ మోటార్లతో ఈ చిక్కు తక్కువ. వీటిలో బాగా వాడుకలో ఉన్న స్విటెక్ ఎక్స్25 రకం సుమారు 315 డిగ్రీల మేర తిరిగి, లోపలే ఉన్న అడ్డు దగ్గర ఆగుతుంది. తాళం తిప్పగానే మీటర్ బోర్డు మోటారును వెనక్కు తిప్పి సున్నాకు చేర్చుతుంది కనుక, ఆ స్థితిలో ముల్లును సున్నా గీత మీద పెడితే చాలు. ఈ రెండింటికీ మధ్య కాలంలో వచ్చిన ఎయిర్‌కోర్ మీటర్లలో రెండు తీగచుట్టలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి, చాలావాటిలో వెనక్కు లాగే స్ప్రింగు ఉండదు, ముల్లు అదరకుండా లోపల సిలికోన్ నూనె ఉంటుంది. వాటిలో ముల్లు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే, పీకే ముందే తెలిసిన వేగానికో తెలిసిన ఉష్ణోగ్రతకో అది ఎక్కడ నిలుస్తుందో రాసిపెట్టుకోవాలి. ఇక పాత బండ్ల పెట్రోలు, టెంపరేచరు మీటర్లలో వేడికి వంగే జంట లోహపు పట్టీ ముల్లును నెమ్మదిగా జరుపుతుంది. ఆ ముళ్లను పీకకూడదు, డయల్‌నే వాటి కిందనుంచి జాగ్రత్తగా తప్పించాలి.

రెండవది వెలుతురు. కొత్త డయల్ పగలు ఎలా ఉందన్నదానికంటే రాత్రి, ముఖ్యంగా సంధ్యవేళ ఎలా కనిపిస్తుందన్నది ముఖ్యం. మూడవది అంకెల స్థానం: 0 నుంచి 200 కి.మీ. వరకు 240 డిగ్రీల మేర పరిచిన స్పీడోమీటరులో డయల్ 3 డిగ్రీలు పక్కకు జరిగితే లెక్క 2.5 కి.మీ. తప్పుతుంది. నాలుగవది హెచ్చరిక దీపాల కిటికీలు. ఆయిలు ప్రెషరు, బ్రేకు, ఎయిర్‌బ్యాగు దీపాల్లో ఒక్కదాన్ని మూసేసే డయల్ అయినా, ఎంత అందంగా ఉన్నా, పనికిరాదు. అయిదవది, నచ్చకపోతే వెనక్కు రాగలమా అన్నది.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకునేది ఆర్‌సీలో ఉన్న వివరాలు మారిపోయేలా చేసే మార్పులను. డయల్ మార్పుతో అవేవీ మారవు. అయితే 1989 కేంద్ర నిబంధనల ప్రకారం వేగం చూపే స్పీడోమీటరు బండికి ఉండి తీరాలి, కాబట్టి పని చెడగొట్టుకుంటే ఇబ్బంది తప్పదు.

| మార్గం | ముల్లు తీయాలా? | రాత్రి వెలుతురు | లెక్క తప్పే అవకాశం | వెనక్కు రావడం |
|---|---|---|---|---|
| బల్బులు, మూత మాత్రమే | అక్కరలేదు | బాగా మెరుగవుతుంది | లేదు | సులువు |
| పైన అతికించే పొర | సాధారణంగా అక్కరలేదు | తగ్గుతుంది | కొంత | జిగురు మరక మిగలవచ్చు |
| కొత్త డయల్ | తీయాలి | ముద్ర నాణ్యతను బట్టి | ఎక్కువ | పాతది దాచుకుంటే వీలవుతుంది |
| ఈఎల్ డయల్ | చాలావాటికి తీయాలి | మొదట్లో చాలా బాగు | ఎక్కువ | వీలవుతుంది, తీగలు విప్పాలి |
| మొత్తం మీటర్ బోర్డు | అక్కరలేదు | అసలైనది | వేరియంట్ కలవకపోతే ఎక్కువ | ఓడోమీటరు చిక్కు |

## బల్బులు మార్చి చూడడం

అన్నిటికంటే ముందు ప్రయత్నించవలసినదిగా నేను చెప్పేది ఇదే. మీటర్ బోర్డు వెనక పావు చుట్టు తిప్పితే ఊడివచ్చే హోల్డర్లలో టీ5, టీ10 రకం గాజు బల్బులు ఉంటాయి. వాటి స్థానంలో ఎల్‌ఈడీలు వేసేవారు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ తేడా ఉంటుంది. వెలగకపోతే తిప్పి పెట్టి చూడాలి. రెండవది, డయల్ వెనక ఆకుపచ్చ రంగు పొర ముద్రించి ఉంటే దాని వెనక ఎర్ర ఎల్‌ఈడీ పెట్టినా ఎర్రగా రాదు, దాదాపు చీకటిగా మారుతుంది. ఏ రంగు కావాలన్నా ముందు ఆ పొరను చూడాలి. మూడవది అన్నింటికంటే ముఖ్యం: చాలా పాత బండ్లలో బ్యాటరీ హెచ్చరిక దీపం కేవలం దీపం కాదు, ఆల్టర్నేటరు ఛార్జింగు మొదలుపెట్టడానికి కావలసిన కొద్దిపాటి కరెంటు దాని గుండానే వెళుతుంది. అక్కడ ఎల్‌ఈడీ పెడితే ఆల్టర్నేటరు ఛార్జి చేయడం మానేయవచ్చు, నాలుగు రోజుల తర్వాత బండి రోడ్డు మీద ఆగిపోతే ఎవరికీ కారణం తట్టదు. ఆ ఒక్క బల్బును పాత రకంగానే ఉంచాలి.

రంగు విషయంలో ఒక మాట. నీలి వెలుతురు ఫోటోలో ఆకట్టుకుంటుంది గానీ, నలభై దాటిన కళ్లకు నీలి అంకెల అంచులు చెదిరినట్లు కనిపిస్తాయి. రాత్రి ప్రయాణాలు చేసేవారు లేత పసుపు ఛాయ ఉన్న తెలుపుతో సరిపెట్టుకోవడం మేలు.

## పైన అతికించే పొర

ఇందులో ఆకర్షణ అంతా ముల్లు పీకనక్కరలేదన్నదే. పొరకు మధ్య నుంచి అంచు దాకా ఒక చీలిక ఉంటుంది, దాని గుండా పొరను ముల్లు కిందికి జారవిడుస్తారు. చీలిక గీత దగ్గరగా చూస్తే కనిపిస్తూనే ఉంటుంది. రెండు పొరల గుండా రావలసి రావడంతో వెలుతురు మందగిస్తుంది. నన్ను ఇంతకంటే ఎక్కువ వెనక్కు లాగేది మే నెల. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు వేడికి జిగురు మెత్తబడి పొర అంచు పైకి లేస్తే, అది ముల్లుకు తగులుకుంటుంది. 90లో వెళుతున్న బండికి ముల్లు 60 దగ్గర ఆగిపోయి ఉంటే అది అందచందాల సమస్య కాదు. ప్రదర్శనకు పెట్టే బండికి, కొద్దికాలపు ముచ్చటకు తప్ప రోజూ నడిపే బండికి దీన్ని నేను సూచించను.

## కొత్త డయల్ వేయడం

డయల్ అంటే సాధారణంగా పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పలుచని రేకు. దాని మీద వెలుతురును పూర్తిగా ఆపే నలుపు, అంకెల దగ్గర వెలుతురును పోనిచ్చే రంగులు పొరలు పొరలుగా స్క్రీన్ ప్రింటింగులో వేస్తారు. మంచి డయల్‌కూ చవకబారు డయల్‌కూ తేడా ఇక్కడే. కొనేముందు ఫోను టార్చి వెనక పెట్టి చూడండి. నలుపులో నక్షత్రాల్లా చుక్కలు కనిపిస్తే అది మామూలు ప్రింటరు మీద ఒక్క పొరతో అచ్చు వేసినదని అర్థం. ఆ తర్వాత దాన్ని మీ పాత డయల్ మీద పెట్టి, ఓడోమీటరు కిటికీ, ట్రిప్ బొత్తాం రంధ్రం, ప్రతి హెచ్చరిక దీపం, ప్రతి పదో కిలోమీటరు గీత కలుస్తున్నాయో లేదో చూడాలి. కంటికి కలిసినట్లే ఉన్నది చాలదు, గీత మీద గీత పడాలి.

తెల్ల డయల్ కోరుకునేవారు ఎక్కువ. పట్టపగలు అది నిజంగానే చక్కగా చదవడానికి వస్తుంది. అయితే సాయంత్రం ఆరున్నరకు హెడ్‌లైట్లు వేసినప్పుడు, బయటి వెలుతురులో తెల్లగా కనిపించే నేల మీద వెనకనుంచి వెలిగే అంకెలు కలిసిపోయి, కాసేపు ఏదీ కనిపించదు. కారు కంపెనీలు ఎక్కువగా నలుపునే నమ్ముకోవడానికి ఇదీ ఒక కారణం.

డయల్‌ను స్వయంగా గీయించి అచ్చు వేయించే దారి కూడా ఉంది. అలా చేసేవారు పాత డయల్‌ను ఫోనుతో ఫోటో తీయకుండా ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద పెట్టి స్కాన్ చేయాలి. ఫోటోలో వంపు వస్తుంది, ఆ వంపు లెక్కలోకి ఎక్కుతుంది.

పని చేసేటప్పుడు బ్యాటరీ తీగ విప్పి కొన్ని నిమిషాలు ఆగడం, డయల్ మీద గుడ్డ పరిచి రెండు ప్లాస్టిక్ చెంచాలతో ముల్లును రెండు వైపులా సమానంగా నిటారుగా ఎత్తడం, తిరిగి పెట్టేటప్పుడు డయల్‌కు రాసుకునేంత లోతుగా నొక్కకపోవడం తప్పనిసరి. డయల్ మరకలు తుడవడానికి థిన్నరు, పెట్రోలు, అసిటోన్ వాడితే పాలికార్బొనేట్ తెల్లబారి పగుళ్లు తేలుతుంది. సబ్బు నీరు చాలు.

## ఈఎల్ డయల్

ఇందులో వెనక బల్బు అక్కరలేదు, డయల్ తానే వెలుగుతుంది. రెండు పలుచని వాహకాల మధ్య జింకు సల్ఫైడు పొడి పొర ఉంటుంది. దానికి ఏసీ కరెంటు ఇస్తే అది చల్లని నీలాకుపచ్చ కాంతినిస్తుంది. ఇది నిన్నటి కొత్తదనం కాదు: క్రైస్లర్ 1960 నాటి కార్లలోనే ఇలాంటి వెలుగు ఉంది. 1992లో టైమెక్స్ వాచీల్లో ఇండిగ్లో పేరుతో వచ్చాక, కారు డయల్ కిట్లను కూడా జనం ఆ వాచీ పేరుతోనే పిలవసాగారు. 1989 లెక్సస్ ఎల్ఎస్ 400లో ఉన్న మెరిసే మీటర్లు దీన్ని పోలినట్లున్నా వాటిలో వాడినది కోల్డ్ క్యాథోడ్ ట్యూబులు, అది వేరే పద్ధతి.

వెలుతురు డయల్ అంతటా సమానంగా పరుచుకోవడంలో దీన్ని మించినది లేదు. లోపాలు మాత్రం వాడుకలో బయటపడతాయి. బండి బ్యాటరీ 12 వోల్టుల డీసీని ఎక్కువ వోల్టుల ఏసీగా మార్చే చిన్న ఇన్వర్టరు కావాలి. అది నిశ్శబ్దంలో సన్నగా కీచుమంటుంది, కొన్నిసార్లు రేడియోలోనూ గరగర తెస్తుంది. వాడిన గంటలను బట్టి కాంతి తగ్గుతూ పోతుంది, తేమ చేరితే అంచుల నుంచి నల్లబడుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరం ఊళ్లలో ఉండేవారు ఈ చివరి సంగతి ప్రత్యేకంగా ఆలోచించుకోవాలి. పైగా ఇన్వర్టరు చెడిన రాత్రి మీటరు మొత్తం చీకటైపోతుంది. పాత బల్బుల్లా ఒకటి పోయినా మరొకటి వెలిగే వీలు ఉండదు. కారు ఒక ముచ్చట అయినవారికి ఇది తగును.

## మొత్తం మీటర్ బోర్డు మార్చడం

విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి వంటి చోట్ల విప్పిన బండ్ల మీటర్ బోర్డులు దొరుకుతాయి. ముల్లు తాకనక్కరలేదు, ముద్ర అసలైనది, ధరా అందుబాటులోనే ఉంటుంది. చూడడానికి ఇదే తెలివైన దారిలా ఉంటుంది గానీ, ఇందులో మూడు గుంటలు ఉన్నాయి.

మొదటిది వేరియంట్. స్విఫ్ట్ వంటి బండికి పెట్రోలు, డీజిలు రెండూ ఉన్నప్పుడు వాటి ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) మీటర్ల అంకెల పరిధి ఒకటి కాదు, కాబట్టి పైకి ఒకేలా కనిపించే బోర్డు తప్పు లెక్క చూపవచ్చు. రెండవది బండి తిరిగిన మొత్తం కిలోమీటర్లు చూపే ఓడోమీటరు. పాత బండ్లలో అంకెల చక్రాలు, తర్వాతి వాటిలో మెమరీ చిప్ బోర్డులోనే ఉంటాయి కనుక, బోర్డుతో పాటు వేరే బండి కిలోమీటర్లు మీ బండికి వచ్చి చేరుతాయి. తక్కువ కిలోమీటర్లు చూపుతూ చెప్పకుండా అమ్మితే అది మోసమే. మార్చిన రోజు పాత, కొత్త రీడింగుల ఫోటోలు, బిల్లు దాచి, కొనేవారికి ఇవ్వాలి. మూడవది ఇమ్మొబిలైజరు, అంటే సరైన తాళం చెవి లేకపోతే ఇంజన్‌ను నడవనివ్వని ఏర్పాటు. ఫోక్స్‌వాగన్ వర్గపు ఆ కాలం కార్లలో, మన దగ్గర తిరిగిన మొదటి తరం స్కోడా ఆక్టావియా సహా, ఇమ్మొబిలైజరు మీటర్ బోర్డుతో ముడిపడి ఉంటుంది. వేరే బండి బోర్డు పెడితే ఇంజన్ అంటుకున్నట్లే అంటుకుని ఆగిపోవచ్చు, కోడింగు చేయగలవారిని వెతుక్కోవాలి.

నేనైతే అలా తెచ్చిన పాత బోర్డు నుంచి డయల్‌నూ ముందు మూతనూ తీసుకుని, నా బండి యంత్రాన్నీ ఓడోమీటరునూ అలాగే ఉంచుకుంటాను. ముల్లు పీకే పని తప్పదు. కానీ ముద్ర అసలైనది, కిలోమీటర్లు నిజమైనవి.

## ఎవరికి ఏది

రోజూ ఆఫీసుకు నడిపే జెన్, శాంత్రో యజమాని మూత పాలిష్, బల్బుల దగ్గర ఆగిపోవచ్చు. ముద్ర నిజంగానే లేచిపోయి ఉంటే, పాత బోర్డు నుంచి తీసిన అసలు డయల్ కొత్తగా అచ్చు వేసినదానికంటే నమ్మదగినది. ఆక్టావియా వంటి బండి ఉన్నవారు బోర్డు జోలికి పోకుండా డయల్ మాత్రమే మార్చుకోవాలి. వాటిలో స్టెప్పర్ మోటార్లే కనుక ముల్లు పని అంత కష్టం కాదు.

అరవైల, డెబ్బైల అంబాసిడర్, ఫియట్ యజమానులది వేరే లోకం. ఆ డయళ్లు ఎక్కువగా రంగు వేసిన లోహపు రేకులు. వెలుతురు అంచునుంచి పడుతుంది కానీ వెనకనుంచి రాదు. పాలికార్బొనేట్ డయల్ వాటికి అతకదు; పాత రేకు మీదే మళ్లీ రంగు వేయించి స్క్రీన్ ప్రింటింగు చేయించాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు సైనిక జీపు ఎవరి దగ్గరైనా ఉంటే, ఆ నాటి కొన్ని మీటర్ల అంకెలకు రేడియోధార్మికత ఉన్న రేడియం రంగు వాడారు కనుక, డయల్‌ను గీకడం, ఉప్పుకాగితంతో రుద్దడం ఎంతమాత్రం చేయకూడదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ ప్రశ్న మరోరకంగా వస్తుంది. కెనడా నుంచి వచ్చిన పాత కారు కొంటే స్పీడోమీటరు పెద్ద అంకెల్లో కిలోమీటర్లు చూపుతుంది. అమెరికా ప్రమాణం మైళ్లు కోరుతుంది, కిలోమీటర్లు దాని పక్కన ఉండవచ్చు. మైళ్ల డయల్ దొరికినంత మాత్రాన సరిపోదు. 160 మైళ్ల డయల్‌లో చివరి గీత 257 కిలోమీటర్లకు సమానం. మీ పాత డయల్ 240 దగ్గర ముగిసి, రెండింటిలోనూ ముల్లు ఒకే కోణం తిరిగేలా ఉంటే లెక్కలు కలవవు. 100 కి.మీ. గీత పడే చోట 62 మైళ్లు పడుతున్నాయో లేదో రెండు డయళ్లనూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూడాలి. మొత్తం బోర్డు మార్చి, ఓడోమీటరును పాత రీడింగుకు తేలేకపోతే, అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం దాన్ని సున్నాకు పెట్టి, ఎడమ తలుపు చట్రం మీద పాత రీడింగు, మార్చిన తేదీ రాసిన కాగితం అతికించాలి.

## బిగించిన తర్వాత

తాళం తిప్పి ప్రతి హెచ్చరిక దీపం వెలుగుతోందో లేదో ముందు చూడాలి. ఇంజన్ నిలకడగా తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లును, బండి కంప్యూటరు లెక్కలు చదివే ఓబీడీ స్కానరు అంకెతో పోల్చాలి. ఆపైన ఔటర్ రింగ్ రోడ్డు వంటి తిన్నని దారిలో పక్కన ఒకరిని కూర్చోబెట్టి, ఫోను జీపీఎస్‌తో 40, 60, 80 దగ్గర వేగాన్ని సరిచూడాలి. మీటరు ఎప్పుడూ కొంచెం ఎక్కువే చూపేలా తయారీదారులు కావాలనే పెడతారు; ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం అసలు వేగం 80 అయితే మీటరు 92 దాకా చూపవచ్చు, 80కి తగ్గి మాత్రం చూపకూడదు. కాబట్టి జీపీఎస్ 80 అన్నప్పుడు ముల్లు 84 దగ్గర ఉంటే దాన్ని కదపకండి. 78 దగ్గర ఉంటే మీటర్ బోర్డు మళ్లీ విప్పండి.